తొమ్మిదో గ్రహం

ఆ వీధి టైలర్‌కు తల్లి పెట్టిన పేరొకటి ఉంది గానీ అది ఇప్పుడెవరికీ గుర్తు లేదు. అందరికీ ఆయన సున్నా. "సున్నా దగ్గర చొక్కా కుట్టించాను", "సున్నా కొట్టు దాటాక ఎడమవైపు సందు", ఇలా ఉంటుంది వాడుక. కొత్తగా కాపురం వచ్చినవాళ్ళు మొదట్లో కాస్త మొహమాటపడతారు. నాలుగు జతల బట్టలు కుట్టించుకునేసరికి వాళ్ళ నోటికీ అదే అలవాటైపోతుంది.

ఆ పేరు పరాయివాళ్ళు పెట్టి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేవాడు. పెట్టింది సొంత అన్న. తండ్రి పోయాక పెంచి పెద్ద చేసిన అన్న, బళ్ళో జనరల్ నాలెడ్జి చెప్పే మాస్టారు. మాస్టారి దృష్టిలో భూమ్మీద ఉన్నవి రెండే జాతులు, జవాబు తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ. రోజూ భోజనానికి ముందు తమ్ముడికి ఒక ప్రశ్న పడేది. ఫలానా దేశానికి రాజధాని ఏది? ఫలానా యుద్ధం ఎందుకు వచ్చింది? చంద్రుడికి సొంత వెలుగు ఉందా లేదా? తెలిస్తే పళ్ళెం ముందుకొస్తుంది. తెలియకపోతే చెయ్యి చాపాలి. చెక్క స్కేలుతో అరచేతి మీద ఒకటి పడేది. అంతటితో అయితే బాగానే ఉండును. చొక్కా వీపు మీద సుద్దముక్కతో ఇంత సున్నా చుట్టి, ఆ చొక్కాతోనే వీధి చివరి దుకాణానికి పోయి అగ్గిపెట్టె కొనుక్కురమ్మనేవాడు. ఇంట్లో అగ్గిపెట్టెలకు ఎన్నడూ లోటు లేకుండా పోయింది.

స్కేలు కంటబడగానే తెలిసిన జవాబు కూడా కుర్రాడి తలలోంచి ఎగిరిపోయేది. ఇంత చదువుకున్న మాస్టారికి ఆ చిన్న సంగతి మాత్రం తట్టలేదు. "మొద్దువెధవ" అనుకున్నాడు, అక్కడితో ఆ అధ్యాయం మూసేశాడు. అలాగని చెడ్డవాడా అంటే కాదు. జీతంలో సగం తమ్ముడి చదువుకే పెట్టాడు. టైఫాయిడ్ వస్తే మంచం పక్కనే కూర్చుని తడిగుడ్డలు మార్చాడు. తమ్ముడు అవేవీ మరిచిపోలేదు. కానీ మెట్ల మీద అన్న చెప్పుల చప్పుడు వినబడితే, ముసలితనం దగ్గరపడ్డాక కూడా, అతని అరచెయ్యి చురుక్కుమనేది.

కాలం ఎవరినీ వదలదు గనక మాస్టారినీ వదల్లేదు. భార్య పోయింది, ఉద్యోగం అయిపోయింది, ఆ తర్వాత కళ్ళు పోయాయి. కంటి నరం ఎండిపోయిందన్నారు. వెలుతురు ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది, అంతే. కింద కొట్టు, కొట్టు వెనక రెండు గదుల్లో సున్నా, అతని భార్య. పై గదిలో మాస్టారు ఒక్కడే, గోడల నిండా ప్రపంచ పటాలు. పటం మీద చెయ్యి పెట్టి తడుముకుంటూ "ఇది ఈజిప్టు, ఇది సూడాన్" అని చెప్పేవాడు. ఒక్క వేలు కూడా తప్పేది కాదు.

టీవీ అంటే ఆయనకు అసహ్యం. "వాళ్ళ నోటికి అడ్డూ అదుపూ ఉండదు. అచ్చులో పడ్డదే నిజం" అనేవాడు. అందుకని ప్రతి ఉదయం కొట్టు తీయకముందే తమ్ముడు పైకెక్కి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పేపరు చదివి వినిపించాలి. ఎక్కడైనా తడబడితే "మళ్ళీ చదువు" అని గదమాయింపు. చెక్క స్కేలు ఇంకా బల్ల మీదే ఉండేది, పేపరు ఎగరకుండా బరువుకి.

కొన్నాళ్ళు సున్నా అక్షరం పొల్లుపోకుండా చదివాడు. చదివి చదివి అలాగే ఉండిపోయేవాడేమో. ఇంతలో కూతురి పెళ్ళయింది, అల్లుడు మొదటిసారి ఇంటికొచ్చాడు. అందరూ భోజనాలకు కూర్చున్నారు. మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"అల్లుడుగారూ, మీ మామగారికి తెలియని విషయాలన్నీ పుస్తకాలుగా వేయిస్తే లైబ్రరీ పెట్టొచ్చు. కావాలంటే చూడండి. ఏరా, సూర్యుడి దగ్గర్నుంచి గ్రహాల పేర్లు వరసగా చెప్పు."

నలభై దాటిన మనిషి, పిల్లనిచ్చిన మామ. బుధుడు, శుక్రుడు, భూమి అన్నాడు. కుజుడి దగ్గర నాలుక పిడచగట్టుకుపోయింది. అల్లుడు నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కూతురు పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయింది. మాస్టారు మాత్రం తొమ్మిది పేర్లూ గడగడా అప్పజెప్పి, "ప్లూటోతో సరి" అని ముక్తాయించి తృప్తిగా తిన్నాడు.

ఆ తర్వాత ఎంతో కాలం కాలేదు, పేపర్లో పెద్ద అక్షరాలతో వార్త పడింది. శాస్త్రవేత్తలంతా సభ చేసి, చేతులెత్తి ఓట్లు వేసి, ప్లూటోను గ్రహాల వరసలోంచి తీసేశారట. ఇక గ్రహాలు ఎనిమిదే. సున్నా నోరు తెరిచాడు. ఎదురుగా అన్న కుర్చీలో వెనక్కి వాలి, గుడ్డికళ్ళు మూసుకుని వింటున్నాడు. సున్నా నోరు మూసుకున్నాడు. ఒక దగ్గు దగ్గి, ఆ కింద ఉన్న సిమెంటు ధరల వార్త చదివాడు. మాస్టారు "ఊఁ" అన్నాడు.

ఆ రోజంతా మిషను తొక్కుతూ తనలో తాను నవ్వుకున్నాడు. జన్మలో మొదటిసారి తనకు తెలిసింది, అన్నకు తెలియలేదు! పైన కూర్చున్న ఆ మహాపండితుడు తొమ్మిది గ్రహాలతో హాయిగా కునుకు తీస్తున్నాడు. ఆ ఆనందం ఎంత తియ్యగా ఉందంటే, ఒక్కసారితో సరిపెట్టుకోవడం అతని వల్ల కాలేదు.

మరీ ఎక్కువ వదిలేవాడు కాదు. వరదలూ ఎన్నికలూ క్రికెట్టూ అన్నీ చదివేవాడు. పాత జవాబు ఎక్కడ మారిందో అక్కడ మాత్రం దగ్గు వచ్చేది. నేపాల్లో రాజును దింపి గణతంత్రం పెట్టుకున్నప్పుడు దగ్గాడు. సూడాన్ రెండు దేశాలై, ఆఫ్రికాలో అన్నిటికన్నా పెద్ద దేశమనే గొప్ప అల్జీరియాకు పోయినప్పుడు దగ్గాడు. కిలో అంటే ఇంత అని చెప్పడానికి పారిస్ పక్కన దాచిన లోహపు దిమ్మను లెక్కలోంచి తప్పించి, కిలోను ప్రకృతిలోని ఒక స్థిరమైన విలువకు ముడిపెట్టినప్పుడూ దగ్గాడు. "ఆ దగ్గుకి మందేదైనా పుచ్చుకోకూడదురా?" అని మాస్టారు ఒకసారి విసుక్కున్నాడు కూడా.

ఒక్కసారి మాత్రం గుట్టు బయటపడబోయింది. పక్కింటి పిల్ల సెలవుల్లో పైకెళ్ళి మాస్టారి చేత ప్రశ్నలు అడిగించుకునేది. గ్రహాలు ఎనిమిది అని చెప్పింది. మాస్టారు దాని చెవి మెలేసి, టీవీ చూసి చెడిపోయావు పొమ్మని కిందికి తరిమాడు. తర్వాత తమ్ముణ్ణి పిలిచాడు.

"ఏరా, పేపర్లో ఎప్పుడైనా అలాంటిది పడిందా?"

"లేదన్నయ్యా."

"నాకు తెలుసు" అన్నాడు మాస్టారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఈమధ్య మాస్టారు స్నానాలగదిలో కాలుజారి పడ్డాడు. తల పగిలి కుట్లు పడ్డాయి. జ్వరంలో రెండు రోజులు నర్సును చచ్చిపోయిన భార్య పేరుతో పిలిచాడు. జ్వరం తగ్గింది, మనిషి తేరుకున్నాడు. కానీ డాక్టరమ్మకు అనుమానం పోలేదు. చిన్న వయసు మనిషి, మెడలో స్టెతస్కోపు, కళ్ళకింద నిద్రలేని నలుపు. సున్నానూ అతని భార్యనూ వరండాలోకి పిలిచి చెప్పింది.

"దెబ్బ మానిపోతుందండీ. నా బెంగల్లా లోపలి సంగతి. చూపు లేని పెద్దాయన, పైన ఒక్కరే ఉంటారంటున్నారు. మతి సరిగ్గా ఉంటే ఇంటికి పంపేస్తాను. లేదంటే చివరి వార్డుకి మార్చాలి."

చివరి వార్డంటే అందరికీ తెలుసు. వరండా చివర ఇనపగ్రిల్లు, దానికి బయటినుంచి తాళం. మతి తప్పినవాళ్ళను అందులో పెడతారు. లోపలికి వెళ్ళినవాళ్ళు ఇంటికి రావడం అరుదు.

"బావగారిని ఇంటికే తీసుకొచ్చేద్దామండీ" అంది సున్నా భార్య. "కింద గదిలోనే పెట్టుకుందాం. కసురుకుంటే కసురుకుంటారు, ఇప్పుడు కొత్తా?"

"సరేలే" అన్నాడు సున్నా. నిజంగానే అన్నాడు. అప్పటికి అతని మనసులో వేరే ఏమీ లేదు.

ముగ్గురూ మంచం దగ్గరికి వచ్చారు. తలకు కట్టుతో మాస్టారు నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"మాస్టారూ, ఇవాళ తేదీ ఎంతండీ?" అంది డాక్టరమ్మ.

"మంచం మీద పడున్నవాడికి తేదీతో ఏం పనమ్మా? ఏ రోజైనా అదే జావ."

"వారం?"

"ఇవేం ప్రశ్నలు? పసిపిల్లలకు వేసే ప్రశ్నలు! ముప్ఫై ఏళ్ళు ప్రపంచం చెప్పినవాణ్ణి నేను. నా మతి చూడాలనుంటే ప్రపంచం అడుగు. చరిత్ర అడుగు, భూగోళం అడుగు, సైన్సు అడుగు. ఒక్కటి తప్పితే నన్ను ఎక్కడ పడేస్తావో పడేయ్."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. పోనీ ఇదీ ఒక పద్ధతే అనుకుంది. "నాకు అవన్నీ గుర్తులేవు మాస్టారూ. మీ తమ్ముడుగారిని అడగమనండి. జవాబు సరైందో కాదో నేను ఫోన్లో చూస్తాను" అంది.

"ఎవడూ, వీడా?" మాస్టారు పగలబడి నవ్వాడు. కుట్లు లాగి మూలిగాడు, మళ్ళీ నవ్వాడు. "వీడు అడుగుతాడా! అడగడానికైనా ఏదో ఒకటి తెలిసుండాలి కదమ్మా! వీణ్ణి వీధిలో ఏమంటారో తెలుసా? సున్నా. నేనే పెట్టాను."

పక్క మంచం మీది మనిషి కిసుక్కుమన్నాడు. మందుల ట్రే పట్టుకున్న నర్సు పెదవి కొరుక్కుంది. సున్నాకు అల్లుడి మంచినీళ్ళ గ్లాసు గుర్తొచ్చింది, వీధి చివరి దుకాణం గుర్తొచ్చింది. మాస్టారు పుట్టని రోజుల చరిత్ర అడగొచ్చు, నదులు అడగొచ్చు, కొండలు అడగొచ్చు. అన్నిటికీ ఆయన ఠకాఠకా చెప్పేస్తాడు, సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. అవేవీ సున్నా నోటికి రాలేదు.

"సూర్యుడి చుట్టూ గ్రహాలెన్ని అన్నయ్యా?"

"చూశావా తెలివి! వీడికి రానిదే అడుగుతున్నాడు. తొమ్మిది. బుధుడు మొదలు, ప్లూటో ఆఖరు."

డాక్టరమ్మ ఫోనుకేసి చూసి, "ఎనిమిదండీ" అంది మెల్లగా.

"తొమ్మిది."

"ఆఫ్రికా ఖండంలో అన్నిటికన్నా పెద్ద దేశం ఏది?" అన్నాడు సున్నా. గొంతు తనదిలా లేదు, మాస్టారిదిలా ఉంది.

"సూడాన్."

"ఫోను అల్జీరియా అంటోందండీ."

"నేపాల్లో ఏ ప్రభుత్వం ఉంది?"

"రాజరికం. పేరుకి పార్లమెంటు ఉన్నా రాజు రాజే."

డాక్టరమ్మ ఈసారి తల అడ్డంగా ఊపింది. ఊపితే కనబడదని గుర్తొచ్చి, "కాదండీ, అక్కడ రాజు పోయి చాలా ఏళ్ళయింది" అంది.

"కిలో బరువు దేన్ని బట్టి నిర్ణయిస్తారు?"

"పారిస్ పక్కన ఒక లోహపు దిమ్మ ఉంది, దాన్ని..." మాస్టారు అక్కడ ఆగాడు. ఎవరూ ఔననడం లేదు. దుప్పటి అంచును వేళ్ళతో పట్టుకున్నాడు. "ఔనా కాదా? చెప్పరేం?"

"ఇదివరకు అదేనండీ. ఇప్పుడు కాదు."

సున్నా భార్య మొగుడి మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఇక చాలు అని ఆ నొక్కుడు. అతను చెయ్యి విదిలించుకున్నాడు.

"మీ ఫోను తప్పు" అన్నాడు మాస్టారు. మాటలో మునుపటి కరుకుదనం లేదు. "ఫోనూ టీవీ ఒక్కటే. అచ్చులో పడ్డదే నేను నమ్ముతాను. మావాడు రోజూ నాకు పేపరు చదువుతాడు, ఒక్క రోజు మానలేదు. వాణ్ణి అడుగుదాం. ఏరా, ఇవన్నీ మారినట్టు పేపర్లో పడిందా?"

వార్డంతా తననే చూస్తున్నట్టనిపించింది సున్నాకి. ఎదురుగా అన్న మొహం పైకెత్తి ఉంది. ఆ మొహంలో భయం ఉంది. ఇన్నేళ్ళలో అక్కడ అది చూడటం ఇదే మొదలు, కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు.

"పడింది అన్నయ్యా."

"పడిందా?"

"పడింది. నేనే చదివాను నీకు."

డాక్టరమ్మ ఫోను కిందికి దించింది. "ఒక్క నిమిషం. మీరు బాగా ఆలోచించి చెప్పండి. ఈయనకు ఈ సంగతులు ఎవరూ చెప్పకపోయుంటే అది మతిమరుపు కాదు, తెలియకపోవడం. అప్పుడు నేను నిశ్చింతగా ఇంటికి పంపేస్తాను. చెప్పినా గుర్తు లేదంటేనే కష్టం. నిజంగా చదివి వినిపించారా?"

జీవితమంతా జవాబు తెలియక నిలబడ్డ మనిషికి, తనకు తప్ప ఇంకెవరికీ జవాబు తెలియని ప్రశ్న దొరికింది. భార్య అతన్నే చూస్తోంది. ఒక్క మాట చాలు. లేదండీ, నేనే వదిలేశాను. ఆ మాటకు ఎంత ఖర్చవుతుందో కూడా అతనికి తెలుసు. నర్సు వింటుంది, పక్క మంచం మనిషి వింటాడు, రేపు వీధి వింటుంది.

"చదివానండీ. అన్నీ చదివాను."

మాస్టారు చెయ్యి చాపి తమ్ముడి చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "అయితే పోయిందమ్మా నా బుర్ర" అన్నాడు డాక్టరమ్మతో. "వీడు చదివానన్నాడంటే చదివినట్టే. మావాడికి జవాబులు రావు గానీ అబద్ధం కూడా రాదు. ఎక్కడ సంతకం పెట్టాలో చెయ్యి పట్టుకుని చూపించు."

అన్న నోటినుంచి తమ్ముడు విన్న మొదటి మెప్పు అది. దానికోసం చిన్నప్పుడు ఎంత ఏడ్చాడో! ఇప్పుడది చెవిలో సీసం పోసినట్టుంది. అటెండర్లు చక్రాల మంచం తెచ్చారు. గ్రిల్లు తెరిచారు, మూశారు. తాళం పడ్డ చప్పుడు విన్నాక అతను వరండా దాటాడు.

ఇంటికొచ్చాక భార్య పళ్ళెం పెట్టి, ఎదురుగా నిలబడింది.

"ఆ గ్రహం సంగతి మీరు చదవలేదు. ఆ రోజు నేను టీ పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాను. తర్వాత పేపరు నేను చూసుకున్నాను."

"మరి అక్కడే చెప్పకపోయావా?"

"మీరు చెబుతారనుకున్నాను." ఆమె పళ్ళెం వైపు చూపించింది. "తినండి. ప్రశ్నలేమీ లేవు."

సున్నా తిన్నాడు. ఆ రాత్రి ఆమె వంటగదిలో చాప వేసుకుంది.

తెల్లారి పేపరు చంకలో పెట్టుకుని ఆస్పత్రికి బయల్దేరాడు. నిజం చెప్పేద్దామనే బయల్దేరాడు. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాడు. "అన్నయ్యా, నీ మతి బంగారంలా ఉంది, పాడైంది నా బుద్ధి" అని మొదలుపెడదామనుకున్నాడు. నర్సు తాళం తీసింది. లోపల కిటికీలన్నీ ఎత్తులో ఉన్నాయి. ఎవరో గోడకేసి ఒకే మాట గొణుక్కుంటున్నారు. మూల మంచం మీద మాస్టారు, గడ్డం మాసి, ఒక్క రోజులోనే చిక్కిపోయినట్టు ఉన్నాడు. పెదవులు కదుపుతూ ఏదో వల్లె వేసుకుంటున్నాడు.

అడుగుల చప్పుడుకు చెవి రిక్కించాడు. "వచ్చావా? రా, రా. నర్సమ్మా, వీడే మా తమ్ముడు. నేను చెప్పానే, సున్నా అని. వీధి వీధంతా అలాగే పిలుస్తారు, మా బాగా కుదిరింది."

నర్సు నవ్వింది. "రండి సున్నాగారూ, ఇలా కూర్చోండి" అని స్టూలు జరిపింది.

సున్నా కూర్చున్నాడు. కూర్చుకున్న మాటలన్నీ లోపలే ఎక్కడో అడ్డం తిరిగాయి.

"రాత్రంతా చదువుకున్నానురా" అన్నాడు మాస్టారు ఆత్రంగా. "డాక్టరమ్మ చెప్పినవన్నీ మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. ఈ మాటు పోవు. ఇవి నిలబడితే ఇంటికి పంపేది లేనిదీ ఆలోచిస్తానంది. అడుగు, నన్ను అడుగు."

"గ్రహాలెన్ని?"

"ఎనిమిది!" ముసలాయన మొహం వెలిగింది. "ప్లూటో లేదు. తీసేశారు. ఎనిమిది."

సున్నా పేపరు మోకాళ్ళ మీద పెట్టుకుని మడతలు సరిచేశాడు. చిన్నగా దగ్గాడు.

"తప్పు అన్నయ్యా. తొమ్మిది."

"నిన్న ఎనిమిదన్నారే..."

"ఎవరూ అనలేదు. తొమ్మిదే అన్నారు. నువ్వే మర్చిపోయావు."

మాస్టారు తల వంచాడు. పెదవులు తొమ్మిది, తొమ్మిది అనుకున్నాయి. ఆ తర్వాత, ఎవరూ అడగకుండానే, కుడిచెయ్యి ముందుకు చాపి, అరచెయ్యి పైకి తిప్పి పట్టుకున్నాడు. సున్నా ఆ చేతిని చూస్తూ కూర్చున్నాడు. గ్రిల్లు అవతల నర్సు తాళం వేసుకుని వెళ్ళిపోయింది.